పసుపు దారం పంపండి

పోయిన నెల ఒక తెల్లవారుజామున మా మేనత్త కన్నుమూసింది. ఫోన్ చేసిన ఆమె కోడలు, "కృష్ణుడి పంచె మిషన్ మీద అట్నే ఉండాది అక్కా, సగం అంచే పడింది" అని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇంక మనకి దారం ఎవురు పంపుతారు?" అంది. ఆ దారం ఏమిటో చెప్పకపోతే మా అత్త మీకు అర్థం కాదు.

ఆమెది దేవుళ్ళ బట్టలు కుట్టే పని. ఇళ్ళలోని బుల్లి విగ్రహాల పంచెల నుంచి పల్లెల్లో అమ్మవార్ల పావడల దాకా కుట్టేది. మీలో ఎవరి పూజగదిలోనో ఆమె కుట్టిన జరీ ఉత్తరీయం ఈరోజుకీ ఉండొచ్చు. మనుషులను కొలిచిన టేపు దేవుడికి తగలకూడదని వాళ్ళింట్లో పట్టింపు. పసుపు రాసిన దారంతో కొలిచి, నడుము దగ్గరొక ముడి, భుజం దగ్గరొక ముడి వేసుకునేది. ఆమె కొలత అంతే.

అలిపిరి దారిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె అంగడి పోయింది. దారిన పోయే యాత్రికులే ఆమె గిరాకీ. ఇక పెద్ద దుకాణానికి కూలికి కుట్టాలి. పేరు వాళ్ళది, వేళ్ళు ఈమెవి. ఆ దిగులుతో ఆమె అన్నం ముందు ఊరికే కూర్చోవడం నేను చూశాను. అప్పట్లో నేనూ మా ఆయనా బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాళ్ళం. ఒక మధ్యాహ్నం వచ్చి, చెప్పులు బయట వదిలి, కీబోర్డును తాకి కళ్ళకద్దుకుని కూర్చుంది. "దీంట్లో జనం యాడుంటారో సూపించు పాపా" అంది.

కొనేవాళ్ళను వెతుకుదామన్నాను. వద్దంది. కొనేవాడు ఒకసారి వచ్చి పోతాడు, పనివాడైతే పదిమందిని తీసుకొస్తాడని ఆమె లెక్క. వెతగ్గా వెతగ్గా చేతిపనుల వాళ్ళు మెయిళ్ళు రాసుకునే గుంపు ఒకటి దొరికింది. అందులో అందరూ ఇంగ్లీషులో ధరలూ సైజులూ రాస్తుంటే, ఈమె నాచేత ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాయించింది. అన్నల్లారా, అక్కల్లారా, కాఫీలు తాగినారా? మీ ఊర్లో వానలు పడినాయా? ఇలా సాగి, చిట్టచివర ఒక్కటే పని మాట: దేవుడికి బట్టలు కావాలంటే పసుపు దారంతో కొలిచి కవర్లో పెట్టి పంపండి. ఇలా రాయకూడదత్తా అని నెత్తీ నోరూ బాదుకున్నాను. కొత్తవాళ్ళింటికి పోయి కూర్చోకముందే బేరం పెడతామా అని నన్నే తిట్టింది.

వారాలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. రోజూ వచ్చేది, చూసేది, పోయేది. ఈలోగా కూలికి కుట్టడానికి రమ్మని పెద్ద దుకాణంవాళ్ళు మనిషిని పంపారు. మా ఆయన ఉండబట్టలేక, ధరల పట్టీ తయారుచేసి గుంపులో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి కొట్టేస్తానన్నాడు.

"పెండ్లికి మైకులో పిలిస్తే ఎవురొస్తారు నాయనా? ఇంటింటికీ పోయి బొట్టు పెట్టాల" అని ఆమె లేచి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న ఆమెను చూస్తే నాకు జాలేసింది.

తర్వాత కుంభకోణం నుంచి కంచు విగ్రహాలు పోసే ఒకాయన జవాబు రాశాడు. అరవాయన. మా మెయిలు అర్థంకాక అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే, వంటింట్లోంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చిందట. ఆమె పుట్టిల్లు మన పుత్తూరే, తెలుగామె. జవాబులో మొదటి మాట ఆమెదే: "తాగినాం అక్కా. నువ్వు తాగినావా?" అత్త ఆ ముక్క నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెనకాలే కవర్లో పసుపు దారం వచ్చింది.

అక్కణ్ణుంచి తీగ అల్లుకున్నట్టు అల్లుకుంది. విగ్రహం కొన్నవాళ్ళకు ఆయన ఈమె పేరు చెప్పేవాడు. పూసల దండలు గుచ్చేవాళ్ళనూ, దీపపు కుందులు చేసేవాళ్ళనూ ఈమె ఆయనకు కలిపేది. వాళ్ళు ఇంకొకరిని చెప్పేవాళ్ళు. ఎవరింట్లో పురుడో, ఎవరికి మోకాళ్ళ నొప్పులో అన్నీ ఈమెకు తెలుసు. మోకాళ్ళవాళ్ళకు పుత్తూరు కట్టు గురించి ఒక మెయిలు. మొండితనమూ తక్కువ కాదు. బెంగుళూరాయన ఒకరు కొలతలు ఇంచుల్లో పంపితే, "ఇంచులు పంపితే గుడ్డ వస్తాది, దారం పంపితే మనిషొస్తాడు" అని రాయించింది. ఆయన మళ్ళీ రాయలేదు. అలా పోయినవాళ్ళు పోయారు. ఉన్నవాళ్ళు చాలు, కూలికి కుట్టే గతి ఆమెకు పట్టలేదు. ఇంటి ముందు వసారాలో తన పేరుతోనే కుట్టుకుంది.

ఆమె పోయిన కబురు వాళ్ళకు చెప్పే పని నామీద పడింది. అందరికీ కలిపి ఒకే మెయిలు కొట్టడం క్షణంలో పని. చేతులు రాలేదు. ఒక్కొక్కరికీ పేరుపెట్టి, వాళ్ళ ఇంటివాళ్ళను అడిగి, అప్పుడు చెప్పాను. ఒక్కో మెయిలుకూ ఏడుపొచ్చింది. కుంభకోణం నుంచి జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. సంతాపం మాట ఎక్కడో కింద ఉంది. మొదట ఉన్నది ఇది: "కోడలు అన్నం తినిందా పాపా?"

కర్మలైన మరునాడు వాళ్ళింటికి వెళ్ళేసరికి కవరొకటి వచ్చి ఉంది, అత్త పేరు మీద కాదు, కోడలి పేరు మీద. అందులో కొత్త పసుపు దారం. కోడలు దాన్ని మిషన్ పక్కన మేకుకు తగిలించి, ముందు కృష్ణుడి పంచె చేతిలోకి తీసుకుంది. మిగిలిన అంచు ఆమె కుడుతున్నంతసేపూ, గోడ మీద ఆ దారం రెండు ముడులతో ఫ్యాను గాలికి ఊగుతూనే ఉంది.