రెండో వచనం ఎవరు చదివారు?

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా యేసురత్నం బావ, మా పెద్దమ్మ కూతురు శాంతమ్మక్క భర్త. జమ్మలమడుగులో బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప బయటే నిలబడ్డాడు.

"సరోజమ్మా, మీ అక్క మాట్లాడ్తాలేదు. తింటాలేదు. ప్రొద్దుటూరులో డాక్టరుకు కూడా చూపిచ్చినా. నువ్వొస్తే అన్నా నోరు తెరుస్తాదేమో, రామ్మా."

దయ్యాలనూ, గాలి సోకడాన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మా ఇంట్లో ఆ భయాలు లేవు. నేను బడికి పోలేదు. మా అవ్వ నన్ను బైబిలు ముందర కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. ఒక్క పుట కూడా దాటనిచ్చేది కాదు. వంశావళులూ శాపాలూ ఏడుపులూ అన్నీ చదవాల్సిందే. "మంచియి ఏరుకోడానికి ఇదేమన్నా బియ్యమా మే, చదువు" అనేది. ఆ చదువు పెట్టినందుకు ఆమెను తలుచుకుని ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

అక్క వాళ్ళది పులివెందుల దాటినాక, వేముల దగ్గర పల్లె. ఒక్కతే కూతురు, పేరు ఎస్తేరు. డిగ్రీ చదువుతుండగా జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాక మళ్ళీ ఇంటికి రాలేదు. మా సంఘాల్లో కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరూ ఒక్కో వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ యేడాదికి అదే దేవుడిచ్చిన మాట అనుకుంటారు. ఎస్తేరుకు దీర్ఘాయువు వచనం వచ్చింది. ఆ కార్డు ఇంకా గోడకే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సమాధి దగ్గర నేనూ ఉన్నాను. బావ ఆ సంఘంలో పెద్ద. ఊళ్ళోని రెడ్లూ అన్ని కులాలవాళ్ళూ వచ్చి నిలబడి చూస్తున్నారు. అక్క పెట్టె మీద పడి గొంతెత్తబోతే బావ భుజం పట్టుకుని లేపాడు.

"ఏడ్వద్దు శాంతా. మళ్ళీ లేస్తారనే నిరీక్షణ లేనోళ్ళ మాదిరి ఏడిస్తే, ఈళ్ళందరి ముందర మన సాక్ష్యం ఏం గాను?"

అక్క నోరు మూసుకుంది. ఎంత విశ్వాసమో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మూసుకున్న నోరు మళ్ళీ తెరుచుకోలేదు. మొదట మాట పోయింది, తర్వాత తిండి పోయింది. ఒంట్లో రోగమేమీ లేదనీ, ఇట్లాగే తినకపోతే మాత్రం బతకదనీ ప్రొద్దుటూరు డాక్టరు గ్లూకోసు ఎక్కించి పంపించాడట.

బావతో పాటే ముద్దనూరు మీదుగా వెళ్ళాను. అక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చేయి పట్టుకుంటే ఎముకే తగిలింది. సంఘపు ఆడవాళ్ళు రోజూ వస్తున్నారు. ఆనందం గురించీ జయం గురించీ ఉన్న వచనాలు చదువుతున్నారు, చప్పట్లు కొట్టి పాడుతున్నారు. ఆమె కళ్ళయినా తిప్పడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం బావ చీనీ తోటకు బత్తాయిలు కోయడానికి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. కరెంటు లేదు. నా ఫోను చార్జింగు అయిపోయి సంచిలో ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేనే ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని చూసుకున్నాను.

ఏదో ఒకటి చదువుదామని బైబిలు తీశాను. సంతోషపు మాటలు చదవడానికి నాకు నోరు రాలేదు. ఎనభై ఎనిమిదో కీర్తన దగ్గర ఆగాను. మిగతా ఏడుపు కీర్తనలు చివర్లోనైనా స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు. సమాధి, గుంట, దేవుడు ముఖం దాచుకోవడం, ఆఖరి వచనంలో కూడా చీకటే. ఏ కార్డు మీదా ఏ క్యాలెండరు మీదా దాన్ని అచ్చువేయరు. నేను ఏ ఆరాధనలోనూ వినలేదు.

మా గుళ్ళలో కీర్తన చదివేటప్పుడు ఒక వచనం పాస్టరు అయ్యగారు చదివితే తర్వాతి వచనం సంఘమంతా చదువుతుంది. ఆ అలవాటు కొద్దీ ఇంట్లో ఒంటరిగా చదివినా ఒక వచనం అయ్యాక కొంచెం ఆగుతాను. ఆరోజూ మొదటి వచనం చదివి ఆగాను.

రెండో వచనం వినిపించింది.

వంటింటి గడప వైపు నుంచి. బొంగురుపోయిన ఒక ముసలి ఆడమనిషి గొంతు. అవ్వది కాదు, నాకు తెలిసిన ఎవరిదీ కాదు. తొందర లేకుండా, మాట మాటా స్పష్టంగా. అక్క వైపు చూశాను. ఆమె పెదవులు మూసే ఉన్నాయి. కానీ తల ఇటు తిప్పి ఉంది, కళ్ళు వంటింటి మీద ఉన్నాయి.

లేచి చూడాల్సింది. చూడలేదు. గుడిలో సంఘం తన వచనం చదివాక మన గొంతు దానంతట అదే అందుకుంటుందే, అట్లా మూడోది చదివేశాను. నాలుగోది వాళ్ళు చదివారు. "వాళ్ళు" అని ఎందుకు రాశానో నాకే తెలియదు. నేను విన్నది ఒక్క గొంతే. భయం అప్పుడు లేదు, తర్వాత వచ్చింది. అట్లా చివరిదాకా పోయాం. ఆ కీర్తనలో ఆఖరి వచనం, పద్దెనిమిదోది, జవాబు చెప్పేవాళ్ళ వంతుకు వస్తుంది. చీకటి మాట చెప్పి ఆ గొంతు ఆగిపోయింది.

అక్క లేచి కూర్చుంది. "పాపా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ ఏడుపు నేను రాయలేను. సమాధి దగ్గర మింగిందంతా బయటకు వచ్చింది. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

అప్పుడే పక్కింటి ఓబులమ్మ చంకలో పెద్ద జంబుకానాతో లోపలికి వచ్చింది. వాళ్ళు గుడికి వచ్చేవాళ్ళు కారు, ఆమెకు చదువూ రాదు.

"ఇంతమంది వచ్చినారు, బండల మీదనే కూచున్నారేమోనని తెచ్చినా. యాడమ్మా అందరూ? అప్పుడే పాయ్‌నారా?"

"ఎవరూ రాలేదమ్మా. మేమిద్దరమే."

"నన్నేమన్నా ఎర్రిదాన్ని జేస్తాండావా? నువ్వొకటి చెప్తే వాళ్ళంతా ఒకటి చెప్తాండ్రి గదా, ఆడోళ్ళూ మొగోళ్ళూ. మా కొట్టంలోకి ఇనపడ్తాండాది."

వంటింట్లోకి పోయి, పెరట్లోకి పోయి చూసి వచ్చింది. జంబుకానా కింద పెట్టి, ఇంకేమీ అడగకుండా వాళ్ళింటి నుంచి గంజి తెచ్చి అక్కకు తాగించింది. అక్క తాగింది. ఆ తల్లిని దేవుడు చల్లగా చూడాలి.

ఆ సాయంత్రం అక్కను అడిగాను, నీకూ వినపడిందా అని.

"ఇనపడకేం? పాప గదా సదివింది."

నేను ముసలి గొంతు విన్నాను. అక్క కూతురి గొంతు విన్నది. ఓబులమ్మ గుంపును విన్నది. ప్రతిధ్వని అనుకుందామంటే ప్రతిధ్వని నేను చదివినదాన్నే తిప్పి చెప్పాలి, చదవనిదాన్ని చెప్పదు. నా భ్రమ అనుకుందామంటే ఓబులమ్మ జంబుకానా ఎందుకు తెచ్చినట్టు? మా అయ్యగారికి చెబితే "శానా అలిసిపోయినావులేమ్మా" అన్నారు. దేవదూత అని నేను అనను. దయ్యమనీ అనను. ఏమిటో నాకు తెలియదు.

ఇంతమాత్రం తెలుసు. దేవుని ముఖం మీదే నన్నెందుకు విడిచిపెట్టావని ఏడ్చిన ఏడుపును ఆయనే తన గ్రంథంలో ఉంచుకున్నాడు. ఆ పుటలు మనం చింపలేదు గానీ, చింపినట్టే దాటిపోతున్నాం. అవి చదివితే విశ్వాసం పోదు. మా అక్క ప్రాణం నిలబడింది.

అక్క ఇప్పుడు తింటుంది, కూలికి పోతుంది, ఏడుపు వస్తే ఏడుస్తుంది.

బావ ఆరోజు తోటలో ఉన్నాడు. ఏమీ వినలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ కీర్తన చదవమంటాడు. ఒక వచనం చదివి ఆగుతాను. ఆయన తల వంచి, వంటింటి వైపు చెవి పెట్టి కూర్చుంటాడు. ఇంతవరకూ ఏమీ వినిపించలేదు. రెండో వచనం కూడా నేనే చదువుతాను.

పోయినసారి బైబిలు మూస్తుంటే అన్నాడు, "నాకు రాదులే సరోజమ్మా. దాని నోరు మూపిచ్చినోన్ని నేనే గదా."

బిడ్డ పోయినప్పటి నుంచి ఆయన కంట చుక్క నీరు రాలేదు. ఈ మధ్య అన్నం సగంలోనే చేయి కడుక్కుంటున్నాడని అక్క చెబుతోంది. ఇది చదివినవాళ్ళు ఈ రాత్రి ప్రార్థనలో ఒక్క పేరు జ్ఞాపకం చేసుకోండి. యేసురత్నం. ఆయనకు ఏడుపు రావాలని అడగండి.