నిమ్మకాయ మీదికి నెట్టిన నేరం

రుజువు లేకుండా ఒక మనిషిని నలుగురిలో దోషిని చేసి, ఆ తర్వాత అతను నిర్దోషి అన్న రుజువు దొరికితే దాన్ని మీరెప్పుడైనా దాచారా? నేను దాచాను. తొమ్మిదేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను.

యానాంలో నాకు కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఆదివారాలు సభల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడతాను. పరీక్షించకుండా దేన్నీ నమ్మకండని గొంతు చించుకుంటాను. ఈ రెండు పనులూ ఒకటేనని గర్వపడేవాణ్ని.

ఒక రొయ్యల వ్యాపారి కారు వచ్చింది. ఏసీ చల్లబడడం లేదు. గ్యాసు పీడనం ఎంతుందో కారులోని కంప్యూటరుకి చెప్పే సెన్సరు ఒకటి ఉంటుంది. అది పలకకపోతే గ్యాసును నెట్టే కంప్రెసర్ తిరగదు. కొత్త సెన్సరు వేశాను. అయినా తిరగలేదు. ఇక చేయవలసింది ఒక్కటే: దానికి వచ్చే తీగల్లో ఐదు వోల్టులు ఉన్నాయో లేవో మీటరు పెట్టి చూడడం. నేను మీటరు తీయలేదు. బంపరు కింద వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయల దండ మీద నా చూపు పడింది. సెన్సరు ప్లగ్గుకి కాస్త చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలికి ఇక్కడ ప్రతి కారులోనూ అంతే. తెలుసు. తెలిసే నోరు తెరిచాను.

"మీ డ్రైవరు భక్తేనండి దీని జబ్బు. నిమ్మరసం ప్లగ్గుని తినేసింది," అన్నాను వ్యాపారితో.

డ్రైవరు అప్పారావు తెల్లబోయాడు. "అదేంటండి గురువుగారూ! నిమ్మకాయ కింద కట్టానండి, ప్లగ్గు పైనుందండి. రసం పైకెలా ఎక్కుద్దండి? ఓపాలి మీటరెట్టి సూడండి."

"దిష్టికి నిమ్మకాయ కట్టినోడు నాకు సైన్సు చెబుతున్నాడండోయ్!" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. వ్యాపారి నవ్వలేదు. "తాళాలిచ్చెయ్, అప్పారావూ. రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు.

వాళ్లు వెళ్లాక మీటరు పెట్టాను. ఐదు వోల్టులు రావడం లేదు. తీగ వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్లాను. గ్యాసును చల్లార్చే కండెన్సరుని పట్టి ఉంచే పట్టీ కింద అది నలిగి తెగింది. ఆ కండెన్సరు నెల కిందట మార్చింది నేనే. ఆ బోల్టు బిగించింది నా చెయ్యే. తీగ అతికించి టేపు చుట్టాను. ఏసీ చల్లగా పనిచేసింది. ప్లగ్గు శుభ్రం చేశానని వ్యాపారికి ఫోనులో చెప్పాను.

ఎందుకు? భయమా? కొంత. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ అబద్ధం నా వాదానికి అందంగా అమరింది. దాన్ని సభల్లో ఉదాహరణగా చెప్పాను. ఎన్నిసార్లో! ప్రతిసారీ చప్పట్లే. "నిమ్మకాయ డ్రైవరు" అన్న పేరు ఊరంతా పాకి, అతనికి మళ్లీ ఎవరూ కారు అప్పగించలేదు. ఇప్పుడు దరియాలతిప్ప వైపు అద్దె ఆటో తోలుతున్నాడు. ఎదురైతే నాకు నమస్కారం పెడతాడు. ఆ రోజు షెడ్డులో హేతువాది ఎవరు? పరీక్షించమన్నవాడా, వెక్కిరించినవాడా?

రేపు అతనికి ఇదంతా చెబుతాను. క్షమించమని అడగను, ఆ భారం కూడా అతని మీద వేయడం దేనికి? ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడింది. ఆ తేలికకి నేను తగనని కూడా తెలుసు.

అతని పేరు మీది మచ్చ నేనొక్కణ్నే కడగలేను. నా సభల్లో ఆ కథ విని నవ్వినవాళ్లు మీలో ఉన్నారు. దాన్ని మీరు ఎవరెవరికి చెప్పారో గుర్తుచేసుకోండి. ఈరోజే వాళ్ల దగ్గరికి వెళ్లండి. తీగ నలిపింది మెకానిక్కనీ, అప్పారావు తప్పేమీ లేదనీ చెప్పండి.