చదివి వినిపించమన్న మంత్రసాని

1967 అక్టోబరు 9, సోమవారం.

మా ఊరి మంత్రసాని మొన్న బుధవారం ఉదయం ఏడు గంటలకు కన్నుమూసింది. ఆరు రోజుల జ్వరం. కబురు తెచ్చింది ఆమె కోడలు. నేను అప్పుడు బియ్యం ఏరుతున్నాను. చాట కింద పెట్టి వెళ్లాను.

మన మహిళామండలి చేతిరాత పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. మామూలుగా అయితే పెద్దకర్మ అయ్యాక నిదానంగా రాసేదాన్ని. కానీ వచ్చే శనివారం పంచాయతీ మీటింగు ఉంది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పాళెంలో ఉన్న మంచినీళ్ల బావికి ఆయిల్ ఇంజను బిగించి, ఆ నీళ్లు ప్రెసిడెంటు గారి నిమ్మతోటకు తోడుకునే తీర్మానం ఆ రోజు వస్తుంది. పంచాయతీలో ఆడవాళ్లకున్న ఒకే ఒక్క స్థానం ఆమెది. ఆమె లేదు. అందుకే ఈ పత్రిక శుక్రవారానికల్లా అన్ని ఇళ్లూ తిరగాలి.

ఆమెను దేవత అని రాయమన్నారు కొందరు. అలా రాస్తే ఆమెకే నచ్చదు. కోపిష్ఠి మనిషి. నొప్పులు పడే పిల్ల కేకలు పెడితే, "ఆ ఊపిరి కిందికి తొయ్యవే, ఊరికి వినిపిస్తే బిడ్డ వస్తాదా" అని కసిరేది. నా ఆఖరి కొడుకునూ, ఇద్దరు మనవరాళ్లనూ ముందుగా పట్టుకున్నవి ఆమె చేతులే. ఏ ఇంటికి వెళ్లినా కుంకుడు నురగతో మోచేతుల దాకా కడుక్కున్నాకే మనిషిని ముట్టేది. పాళెంలో అదే పెద్ద కష్టం. అప్పట్లో అక్కడ బావి లేదు. ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీటిని కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడుకునేవాళ్లు. ఒక కాన్పు నాడు బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో ఆమె పక్కన కూర్చుని చూశాను. గడియారం ప్రకారం నలభై నిమిషాలు. ఆ నీళ్లు ఇంటికి చేరేసరికి బిడ్డ పుట్టేసింది.

ఇక నా తప్పు సంగతి. అది దాచిపెట్టి ఆమె గురించి రాయడం కుదరదు.

పంచాయతీలో ఆడవాళ్లు కూడా ఉండాలన్న కొత్తలో, చదువుకున్నదాన్నని నా పేరు చేర్చారు. మీటింగుకు నేను పోవాలని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మర్నాడు గుమాస్తా తీర్మానాల పుస్తకం తెచ్చి వసారాలో మా ఆయనకు ఇచ్చేవాడు. ఆయన దాన్ని వంటింటి గడప దగ్గరికి తెచ్చి, పేజీ తెరిచి, వేలితో చోటు చూపించేవారు. నేను చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేదాన్ని. ఇంట్లో ఉప్పు అయిపోయిన తేదీ కూడా రాసిపెట్టుకునే నేను, ఆ పుస్తకంలో ఒక్క పేజీ చదవలేదు. పుస్తకం ఇంటికి రావడమే మర్యాద అనుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం మంత్రసాని వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"పాళేనికని సర్కారు ఇచ్చిన బావిని నిమ్మతోట కాడికి మార్చినారంట. నువ్వు సంతకం పెట్టినావంటక్కా?"

"నేనా? నేనెప్పుడు పెట్టాను?"

"ఆడోళ్లు కూడా ఒప్పుకున్నారు, ఇంకేందని ప్రెసిడెంటు అందరికీ చూపిస్తా ఉండాడు. చదివే పెట్టినావా?"

"లేదు."

"నాకు చదువు రాదు. నేను తెలియక ముద్రేస్తే నన్ను ఎవురూ అనరు. నీకు వచ్చు గదా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాతి మీటింగుకు నన్ను వెంటబెట్టుకుని పోయింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. రెండోసారి ముంజేయి పట్టుకుని, "నొప్పులొచ్చినాక ఇంకో రోజు చూద్దామంటే బిడ్డ ఒప్పుకుంటాదా? నడువు," అంది. తొమ్మిదిమంది మగవాళ్ల ముందు నేను చెప్పింది ఒకటే మాట. చదవకుండా సంతకం పెట్టాను, ఆ తీర్మానం నాకు సమ్మతం కాదు అని. నా గొంతు నాకే వినబడలేదు. "కొంచెం గట్టిగా చెప్పండమ్మా," అన్నాడు గుమాస్తా. ఎవరో నవ్వారు. మళ్లీ చెప్పాను. పైనుంచి విచారణ వస్తుందన్న భయంతో తీర్మానం వెనక్కి తీసుకున్నారు. మరుసటి వేసవిలో బావి పాళెంలోనే తవ్వారు. మా ఆయన పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి దఫా నన్ను వద్దనుకున్నారు. చదువుకున్న ఆడదానితో తలనొప్పి, వేలిముద్ర వేసేదైతే నయమని మంత్రసానిని చేర్చుకున్నారు. ఆమె మొదటి మీటింగుకే వెళ్లి కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను.

గుమాస్తా సిరా డబ్బా ముందుకు జరిపాడు. "ఇక్కడ ముద్ర వెయ్యి."

"చదువు నాయనా."

"నీకెందుకులే, అన్నీ మామూలు సంగతులే."

"మామూలువైతే బిన్నా అయిపోతాయి. చదువు."

అతను చదివాడు.

"ఇంకోసారి. ఎవురో తరుముతా ఉన్నట్టు చదివితే నాకేం అర్థమవుతాది?"

ప్రెసిడెంటు గారు విసుక్కున్నారు. "నీ ఒక్కదాని కోసం రెండుసార్లు చదవాలా?"

"నా కోసమే కాదయ్యా. ఆ మూలనున్నాయన ఇప్పుడే నిద్ర లేచినాడు."

అందరూ నవ్వారు, ఆ మూలనున్నాయన తప్ప.

సంతకం నేర్పిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "సంతకం పెడితే నేనే చదువుకున్నానంటారు. నా వేలు ఇట్టనే ఉంటే వాళ్లు చదివి తీరాల," అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. ఆమె చదువుకోవలసిందనే నా అభిప్రాయం. వేలిముద్రే మేలని మన పిల్లలెవరైనా అంటే ఊరుకోను. కానీ ఆమె ఉన్నన్నాళ్లూ పైకి చదవని తీర్మానం ఒక్కటి కూడా ఖాయం కాలేదు. ఓటు వచ్చింది, తండ్రి ఆస్తిలో వాటా చట్టం వచ్చింది, పంచాయతీలో చోటు వచ్చింది. మనం ముఖం ఎరగని ఆడవాళ్లు ఎక్కడెక్కడో ఏళ్లతరబడి పోట్లాడితే వచ్చాయి. ఆ చోట్లో ఒక మనిషి వెళ్లి కూర్చోకపోతే, మా ఊళ్లో అది మా వసారాకు వచ్చిపోయే పుస్తకం మాత్రమే.

జ్వరం వచ్చిన నాలుగో రోజు ఆమెను చూడబోయాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఇంజను పెడితే మంచినీళ్లు ఒక్క ఎండాకాలం. ఆ తరవాత సముద్రం ఊరి ఉప్పునీళ్లే. నా బదులు మీటింగుకు నువ్వు పో అక్కా," అంది. "ముందు నువ్వు లేచి తిరుగు, చూద్దాం," అన్నాను. అది జవాబు కాదని ఆమెకు తెలుసు.

మట్టి చేసి వచ్చిన మర్నాడే గుమాస్తా వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఆ ఖాళీలో మీ పేరే పెట్టమన్నారు ప్రెసిడెంటు గారు. పెద్దవారు, మోకాళ్ల నొప్పులు. శనివారం మీరు రానక్కర్లేదు. పుస్తకం నేనే తెస్తాను."

నేను సరేనన్నాను. దేనికి సరేనన్నానో అతను అడగలేదు, నేను చెప్పలేదు. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. వేలితో చోటు చూపించేవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. అయినా పుస్తకం ఎదుటికి వస్తే నా చెయ్యి దానంతట అదే కలం అందుకుంటుందేమోనని నా భయం. పాళెంలో ఈ నెల కాన్పుకు ముగ్గురు ఉన్నారు. వానలు ఇంకా మొదలుకాలేదు. బావిలో చేద తాడు చివరంటా దిగుతోంది.

కాబట్టి ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయమే గుమాస్తాకు చీటీ పంపుతాను. నా పేరు చేర్చుకోవచ్చు, పుస్తకం మాత్రం ఇంటికి తేవద్దు అని. చీటీ రాసి ఉంది. నా చిన్న కోడలు తీసుకుపోవాలి.

2. శనివారం పది గంటలకు పాళెం ఆడవాళ్లూ, మన మండలి వాళ్లూ మీటింగు గది కిటికీల దగ్గర ఉండాలి. అరవవద్దు. తీర్మానం కిటికీ దాకా వినబడేలా చదవమని నేను అడుగుతాను.

3. మరో మంత్రసాని కుదిరేదాకా, కాన్పుకు ఉన్న ముగ్గురి ఇళ్లలో రెండేసి బిందెల మంచినీళ్లు ఎప్పుడూ నిండి ఉండాలి. వంతులు వేసుకోండి.

4. శనివారం తొమ్మిదింటికి ఇద్దరు మా ఇంటికి రండి. కడుపునొప్పి అంటాను, మోకాళ్లు అంటాను, వంట కాలేదంటాను. నమ్మవద్దు. వీధి తలుపు వేసి ఉంటే గట్టిగా తట్టండి. నేను దాని వెనకనే, చెప్పులు వేసుకుని నిలబడి ఉంటాను.