చెప్పులు చేత పట్టుకుని

మా మేనత్తను ఒక వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని గుంజుకుపోయాడని మంగళవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. బుధవారం ఉదయం ఆరూ పదికల్లా నేను మెహిదీపట్నం బస్టాండులో ఉన్నాను. సంచిలో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, ఆ వాచ్‌మన్‌ను ఉద్యోగంలోంచి తీసేయమని కోరుతూ రాసి పెట్టుకున్న రెండు పేజీల ఫిర్యాదు.

ఎందుకంత కోపం అన్నది ముందే చెప్పాలి. గుమ్మడిదల మండలంలో మాది ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరి దొరలం మేము. గడి అని పిలిచే కోటలాంటి ఇల్లు మాది. మా నాన్న హయాంలోనే అది చేతులు మారింది. ఇప్పుడొక మందుల కంపెనీ అందులో డ్రమ్ములు దాచుకుంటోంది. మా మేనత్త మాత్రం ఊరు కదలనంది. చిన్న వయసులోనే భర్త పోయి తిరిగొచ్చిన మనిషి. గడి వెనక వీధిలో రెండు గదుల్లో ఉంటోంది. ఎనభై దాటాయి. మూడేళ్లుగా మతిమరుపు జబ్బు, డాక్టర్లు డిమెన్షియా అంటారు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. గడి మాత్రం గుర్తుంటుంది. రోజూ దాన్ని చూసిరావడానికి బయల్దేరుతుంది. అలాంటి మనిషి చెయ్యి ఎవడో పరాయివాడు పట్టుకున్నాడు. మా తాత ఉన్నప్పుడు ఆమె ముందు తలెత్తిన మగవాడు లేడు.

ఆరూ ఇరవై అయిదుకు పటాన్‌చెరు బస్సు ఎక్కాను. ఉచిత ప్రయాణపు జీరో టికెట్ల ఆడవాళ్లతో బస్సు అప్పటికే నిండిపోయింది. టికెట్ కొన్న నేను లింగంపల్లి దాకా నిలబడే ఉన్నాను. అక్కడ సీటు దొరికితే పక్కన ఒక పెద్దమనిషి, ఒళ్లో మందుల సంచి. గోదావరి జిల్లా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డానని, అడక్కుండానే చెప్పాడు.

"ఇవి మా ఆవిడకండి. మతిమరుపు. కాలనీలో పాలవాడి దగ్గర్నుంచి ఆటోస్టాండు దాకా అందరికీ చెప్పేశాం. ఎక్కడ కనపడ్డా చెయ్యిపట్టుకుని తెచ్చి దింపేస్తారండి."

"ఇంటి సంగతి ఆటోవాళ్లకెందుకు?" అన్నాను.

"తప్పిపోతే దొరికేది వాళ్లకే కదండీ. మనం ఇంట్లో కూర్చుంటాం," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా అత్త సంగతి చెప్పనూ లేదు. పరువును వీధి వీధికీ పంచిపెట్టుకునేవాళ్లతో మాటలేమిటని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన దిగుతూ "వస్తానండి" అంటే తల ఊపాను, అంతే.

ఏడూ నలభైకి పటాన్‌చెరు. బండి దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో నీళ్లే ఎక్కువ. ఎదురుగా ఇనప సామాన్ల కొట్టువాడు అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. వెళ్లి తాళం అడిగాను.

"గోదాముకా, ఇంటికా?"

"ఇంటికి."

"ఇంటికైతె గింత పెద్దదెందుకు సార్? లోపట సొమ్ములున్నయా?"

జవాబు చెప్పకుండా పెద్దదే తీసుకున్నాను. అత్తను ఇక బయటికి రానివ్వకూడదని బస్సులోనే నిర్ణయించుకున్నాను. నలుగురి చేతుల్లో పడేకంటే నాలుగు గోడల మధ్య ఉండటం నయం.

జిన్నారం మీదుగా వెళ్లే బస్సు ఎనిమిదీ యాభైకి వచ్చింది. ఆ దారిన వెళ్లేవాళ్లు కిటికీ పక్కన కూర్చోకపోవడం మంచిది. ఫ్యాక్టరీల వాసన గొంతులో దిగి కూర్చుంటుంది. నేను చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే ముందు సీటులో కూలికి పోతున్న ఆమె వెనక్కి తిరిగింది.

"గట్ల మూసుకుంటే ఎన్నొద్దులు మూసుకుంటవు సార్? మాకైతె గీ వాసన లేకుంటె బువ్వ గూడ సయిస్తలేదు."

బస్సంతా నవ్వింది. ఫ్యాక్టరీ నీళ్లతో చెరువుల్ని చంపినవాళ్ల మీద రావాల్సిన కోపం ఈ నవ్వుల్లోనే ఖర్చయిపోతోందని నాకు ఒళ్లు మండింది.

పది దాటి అయిదు నిమిషాలకు ఊరి స్టేజీలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా గడి గేటుకు వెళ్లాను. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, నలభై ఏళ్లుంటాయి. పేరు బినోద్, ఒడిశా నుంచి వచ్చాడు. నేనెవరో చెప్పి, ఎవరి చెయ్యి పట్టుకున్నావో తెలుసా అని అరిచాను.

"మాజీ రోజ్ ఆతీ హై సాబ్," అన్నాడు బెదరకుండా, అమ్మ రోజూ వస్తుందని. ఆ తర్వాత వచ్చీరాని తెలుగులో చెప్పాడు. "నిన్న టాంకర్ రివర్స్ వచ్చింది. మాజీ వెనకాల నిలబడింది. డ్రైవర్‌కు కనపడ్తలేదు. నేను ఉరికిన, పట్టిన, గుంజిన. గలతీ హువా క్యా, తప్పయిందా?"

ఈలోగా లోపలి నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను.

"మీరు ఒక్క లెటర్ ఇవ్వండి సార్, వీడ్ని ఇవాళే పంపించేస్తాం. గేటు వదిలి పోయిండు, అదీ తప్పే. ఇంకో మాట, మీ ముసలామెను జెర ఇంట్లనే కట్టేసుకోండి. ఏమన్నయితె కేసులు మా మీదకొస్తయ్."

మా గడి గేటులో నిలబడి నాతో అన్నాడా మాట. ఫిర్యాదు నా సంచిలోనే ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. తీసిస్తే ఆ సాయంత్రం టాంకర్ వెనక్కి వచ్చినప్పుడు గేటులో ఉండేది ఈ కార్డు మనిషి. సంచి మూసేశాను.

"ఆ టైములో ఇంకెవరూ లేరా?" అని బినోద్‌ను అడిగాను.

అతను ఎదురుగా కిరాణా కొట్టు వైపు చూపించాడు. "అయిదారుగురు ఉండె సాబ్."

కోపం దారి మళ్లింది. కొట్టు అరుగు మీద మల్లయ్య కూర్చుని ఉన్నాడు. మా పొలాల్లో పనిచేసిన కుటుంబం. పక్కన అతని కొడుకు శ్రీను, నైట్ షిఫ్ట్ దిగి టీ తాగుతున్నాడు.

"నిన్న మీరంతా ఇక్కడే ఉన్నారట. ఎనభై ఏళ్ల మనిషి టాంకర్ కిందికి పోతుంటే చూస్తూ కూర్చున్నారా?"

మల్లయ్య లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. "కూసోలే దొరా, నిలవడ్డం. దొరసాని వస్తున్నదంటె లేచి పక్కకు జరిగినం. ఆమెకు ఎదురెట్ల వోతం?"

"ఎదురు పోవడమేంది? చెయ్యి పట్టుకుని ఆపాలె గదా!" కోపంలో నాకూ ఊరి మాటే వచ్చింది.

శ్రీను గ్లాసు కింద పెట్టాడు. "మా తాత ఒకపారి చెప్పులతోని మీ గడి ముంగట ఎదురువడ్డడట. ఏం జేసిన్రో మీకెర్కనే. గిప్పుడు మమ్మల్ని ఆమె చెయ్యి వట్టుకోమంటున్నరా సార్?"

"అది ఎప్పటి మాట! ఆ రోజులు పోయినయి!"

"పోయినయని మాకెవ్వలన్న చెప్పిన్రా?" అన్నాడు శ్రీను. "గడి అమ్మిన్రు. పొలం అమ్మిన్రు. గా మాటొక్కటి చెప్పకుంట వోయిన్రు."

"నోర్ముయ్‌రా," అన్నాడు మల్లయ్య. కొడుకును కసిరాడే గాని, ఆ మాట తప్పని మాత్రం అనలేదు.

పదకొండుకు ఇల్లు చేరాను. అత్తను చూసుకునే సత్తెమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. అత్త మంచం మీద కూర్చుని నన్ను తేరిపార చూసి, "గీయన బిల్లు కోసం వచ్చిండా?" అని సత్తెమ్మను అడిగింది. నేను సంచిలోంచి తాళం తీసి గూట్లో పెట్టాను. సత్తెమ్మ దాన్ని చూసి వడ్డించడం ఆపింది.

"గా పని చెయ్యకుండ్రి దొరా. మొన్న వానల్ల గొల్లెం పెట్టిన. తలుపు గుద్ది గుద్ది చేతులు పుండ్లు చేసుకున్నది." సత్తెమ్మే అత్త చేతులు పట్టి తిప్పి చూపించింది. కణుపుల మీద తోలు లేచి నల్లబడి ఉంది. "ఆమె దినాం పోవాలె, చూడాలె, రావాలె. గంతే. తాళమేస్తె నెల గూడ బతకది."

నాలుగు గంటలకు అత్త లేచి కొంగు సర్దుకుంది. నేనూ వెంట నడిచాను. వీధిలో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. కూర్చున్నవాళ్లు లేచారు. బీడీలు వెనక్కి పోయాయి. మనుషులు రెండు పక్కలకూ జరిగారు. చిన్నప్పుడు తాత వెనక నడుస్తూ ఇదంతా చూసి పొంగిపోయినవాణ్ణి. ఇప్పుడు అత్త పక్కన నడుస్తుంటే, ఆమె ముందు ఒక్క మనిషి కూడా మిగలని ఆ దారి చివర టాంకర్లు తిరుగుతున్నాయి.

గడి గోడ మూల దగ్గర అత్త ఆగింది. నా కాళ్ల వైపు చూసింది.

"చెప్పులిడువు."

"అత్తా, నేను నీ తమ్ముని కొడుకును. రంగారావును."

"ఎవని కొడుకువైతె నాకేంది? గడి ముంగట చెప్పులతోని నడుస్తవా? సిగ్గులేదా?"

నేను కదల్లేదు. ఆమె గొంతు పెరిగింది. ఊరంతా చూస్తోంది. కొట్టు అరుగు మీద మల్లయ్య కూడా. చెప్పులు విప్పాను. "చేతిల వట్టుకో," అంది. పట్టుకున్నాను. తారు కాలుతోంది, పైన కంకర. గేటు దాకా ఎన్ని అడుగులో నాకు తెలియదు గాని, మల్లయ్య తండ్రి ఇదే మూల నుంచి ఇలాగే నడిచి ఉంటాడని తెలుసు. అతనికి వెనక నుంచి దెబ్బలు కూడా.

గేటు దగ్గర బినోద్ తన కుర్చీ తుడిచి వేశాడు. అత్త కూర్చుని లోపలికి చూసింది.

"వడ్లు ఎన్ని బస్తాలొచ్చినయి?"

"నలభై, మాజీ."

"నలభయ్యేనా? తక్కువొచ్చినయి."

"కల్ ఔర్ ఆయేగా, రేపు ఇంకా వస్తయ్ మాజీ."

అత్త తృప్తిగా తల ఊపింది. రోజూ ఇదే ప్రశ్న, ఇదే జవాబట. గడి అమ్మేశాం, వడ్లు లేవు, నువ్వు ఊరుకో అని మూడేళ్లుగా నేను ఫోన్లో వాదిస్తూనే ఉన్నాను. ఒడిశా నుంచి వచ్చిన ఈ మనిషికి నలభై అంటే చాలని తెలిసింది.

ఆమెను ఇంట్లో దింపి, అయిదున్నరకు పాల కేంద్రానికి వెళ్లాను. పాలు పోయడానికి ఊరంతా అక్కడికే వస్తుంది. జబ్బు సంగతి ఊరికి చెప్పమని సత్తెమ్మ అంటే వెళ్లాను. నా అంతట నాకు తట్టలేదు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయన్న సంగతి అక్కడ నిలబడ్డాక చూసుకున్నాను.

"మా అత్తకు మెదడు జబ్బు," అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "పిచ్చి కాదు, గాలి సోకలేదు. దారి మరిచిపోతుంది, మనుషుల్ని మరిచిపోతుంది. ఆమె రోడ్డు మీదికి పోతే పక్కకు జరగకండి. అడ్డం నిలబడండి. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురండి."

చివర నిలబడ్డ ఎల్లమ్మ క్యాను కింద పెట్టింది. ఊరి అవతలి వాడలో ఉంటుంది. ఆ వాడ నుంచి మా గడి మెట్టు ఎక్కినవాళ్లు లేరు.

"మేం గూడ ముట్టుకోవచ్చునా దొరా?"

ఇంకా ఇలా అడుగుతుందేమని కోపం వచ్చింది. అడిగేలా చేసింది ఎవరో గుర్తొచ్చి ఆ కోపాన్ని మింగేశాను. "ముట్టుకో. అందరూ ముట్టుకోండి."

"దొరసాని తిడ్తె?" అన్నాడు మల్లయ్య.

"తిడుతుంది. పడండి. ఇవాళ నేనూ పడ్డాను."

మల్లయ్య నా చేతిలోని చెప్పుల్ని చూసి ముందు నవ్వాడు. ఆ వెనక అందరూ. నవ్వు తగ్గాక ఒక కోడలు మెల్లగా అంది: "మా మామది గూడ గిదే కత. నలుగుట్ల పరువు వోతదని కొట్టంల కట్టేసి ఉంచుతున్నం." ఎవరో "నీ మామనా? మరి ఊరికి వోయిండంటివి?" అన్నారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

శ్రీను గోడకు ఆనుకుని వింటున్నాడు. "అంతేనా సార్? ఇంకేం చెప్పేది లేదా?" అన్నాడు. అతను దేని గురించి అడుగుతున్నాడో నాకు తెలుసు. అతని తాత గురించిన ఆ మాట నా నోట రాలేదు. రాలేదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాత్రి అత్త ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున ఏడింటికి స్టేజీలో బస్సు కోసం నిలబడితే, దూరంగా అత్త వస్తూ కనపడింది. సత్తెమ్మ స్నానానికి వెళ్లి ఉంటుంది. వీధిలో ఇద్దరు అలవాటు కొద్దీ పక్కకు జరిగారు. నేను పరిగెత్తబోయాను. అప్పటికే ఎల్లమ్మ పాల క్యాను దింపి రోడ్డుకు అడ్డం నిలబడింది. అత్త అరిచింది. ఏమని తిట్టిందో నాకు బాగా తెలుసు, రాయడానికి చెయ్యి రాదు. ఎల్లమ్మ ముఖం మాడిపోయింది. అయినా కదల్లేదు. రెండో నిమిషంలో తనే చెయ్యి చాచి అత్త మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

బస్సు ఏడూ ఇరవైకి వచ్చింది. గూట్లోంచి వెంట తెచ్చుకున్న తాళాన్ని పటాన్‌చెరులో వాపసు ఇవ్వబోతే కొట్టువాడు తీసుకోలేదు. ఫిర్యాదు చింపేసి, బినోద్ మంచివాడని కంపెనీకి ఇంకో ఉత్తరం అక్కడే టీ బండి దగ్గర రాసి పోస్టు చేశాను. దానివల్ల అతని ఉద్యోగం నిలుస్తుందో లేదో చెప్పలేను. మెహిదీపట్నం బస్సులో ఈసారి కూడా లింగంపల్లి దాకా నిలబడ్డాను. ఎల్లమ్మ పడ్డ తిట్లు దారంతా నా చెవిలోనే ఉన్నాయి. అవి మా అత్తకు జబ్బు నేర్పినవి కావు. మా ఇల్లు నేర్పినవి, ఆమె మరిచిపోకుండా మిగిలినవీ అవే.

ఊరి పేరు రాయనన్నాను. గుమ్మడిదల వైపు ఏ ఊరికి వెళ్లినా సరే, ఒక ముసలావిడ ఎదురై చెప్పులు విడువమంటే విడవండి. వాదించకండి. చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించండి, టాంకర్ వస్తోందేమో చూసుకోండి. వడ్లు ఎన్ని బస్తాలని అడుగుతుంది. నలభై అనండి.