కొండకు పైన వెలుగు, మూడు గాజు ప్లేట్లు

దయ్యాల కబుర్లు మొదలెట్టినవాళ్ళు నన్ను చూస్తే నోరు మూసుకునేవాళ్ళు. కాలేజీలో సైన్సు చదివినదాన్ని, ప్రతిదానికీ రుజువు అడిగేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

అప్పుడు ఉదయగిరిలో ఉండేవాళ్ళం. నేను ఆడపిల్లల బడిలో టీచరుని. మావారికి ఫోటో స్టూడియో. ఊరికింకా కరెంటు రాలేదు. పొద్దుగూకాక మిద్దె మీద నుంచి చూస్తే, పడమటి కొండకు కాస్త పైన, ఉత్త ఆకాశంలో ఒక వెలుగు కనిపించేది. నక్షత్రాలన్నీ కొండ వెనక్కి దిగిపోతున్నా అది కదిలేది కాదు. ధ్రువ నక్షత్రమని చెప్పకండి, అది ఉత్తరాన ఉంటుంది.

ఈ సంగతి మావారి అక్క, మా వదిన ముందు అన్నాను. ఆమె తమ్ముడి వైపు తిరిగింది.

"దీనికి గాలి సోకిందిరా. బడి మానిపించి తాయెత్తు కట్టించు."

"ఆ తాయెత్తు మీ నోటికి కట్టుకోండి వదినా" అన్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఫోటోలో వెలుగు పడితే నా ఉద్యోగం జోలికి ఎవరూ రారు. పడకపోతే మానేస్తాను. కెమెరాకు గాలి సోకదు కదా.

రాత్రి ఫోటోలతో ఒక చిక్కుంది. వెలుతురు చాలక, ఫిల్ముకు బదులు వాడే గాజు ప్లేటు నిండా ఇసుక చల్లినట్టు నలుసులు పడతాయి. అందుకని మావారు వెంటవెంటనే మూడు ప్లేట్లు తీసి, కొండ అంచు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి ప్రింటు వేసేవారు. నలుసులు ఒక్కో ప్లేటులో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి పలచబడిపోతాయి. మూడింటిలో ఒకే చోట ఉన్నదే గట్టిగా నిలుస్తుంది.

ప్రింటు తెచ్చి చేతిలో పెట్టారు. కొండ ఉంది, నక్షత్రాలు జరిగిన పలచటి గీతలున్నాయి. వెలుగు లేదు. మాట ప్రకారం బడి మానేశాను.

ఏడాది తర్వాత స్టూడియో దులుపుతుంటే ఆ ప్లేట్లు దొరికాయి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూశాను. మూడింటిలోనూ కొండకు పైన, ఒకే చోట గరుకు. పెళ్ళికూతుళ్ళ ఫోటోల్లో మొహం మీద మచ్చలు తీసే కత్తితో గీకిన గరుకు. అలా గీకేస్తే అక్కడున్నది ప్రింటులో పడదు.

"మూడింట్లోనూ పడిందా?" అని మావారిని అడిగాను.

"పడింది. ఏందో తెలియని దాన్ని నలుగురికీ చూపించి, జనం భయపడి రాకపోతే స్టూడియో మూసుకోమంటావా?"

"అందుకని నా బడి మూయించారా?"

"నీకు తిండికేమన్నా లోటు చేసినానా?"

ఆ సాయంత్రమే కెమెరా మిద్దెక్కించాను. వదిననూ పిలిచాను. వెలుగు అక్కడే ఉంది. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. మూడు ప్లేట్లూ నేనే తీసి నేనే కడిగాను. ఆయన్ను చీకటిగదిలోకి రానివ్వలేదు.

కొండ పడింది, గీతలు పడ్డాయి. వెలుగు పడలేదు.

"చూసినావా, ఏమీ లేదు" అన్నారు ఆయన.

"నాకైతే మిద్దె మీద గూడా ఏమీ కనబళ్ళా" అంది వదిన.

ఆత్మకూరు బడిలో ఖాళీ ఉందంటే ఒక్కదాన్నే వచ్చేశాను. ఆ వెలుగేమిటో, మొదటిసారి పడింది రెండోసారి ఎందుకు పడలేదో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. ఆయన సెలవుల్లో వస్తారు, ఏమీ లేదనే అంటారు.

మొన్న వదిన వచ్చి, మాటల్లో ఇంకో సంగతి చెప్పింది. "వాడు మిద్దె తలుపుకు తాళం ఏసి పెట్టినాడు. వడియాలు ఎండబెట్టుకునే దానికి కూడా తియ్యడు."