పీర్ల పండగ ఏడాది, చట్టం ఏడాది

రెండు వేల రెండు, మార్చి నెలాఖరు. గడువు దాటిపోయిందని మస్తాను కుప్పం నుంచి ఫోన్ చేశాడు. పరుపులు కుట్టే మనిషి. కిందటేడు పీర్ల పండగనాడు దొంగతనం అనుమానంతో పోలీసులు పట్టుకుపోయి, కేసు రాయకుండా రెండు రాత్రులు ఉంచి, కుడి మణికట్టు విరగ్గొట్టి పంపారు. ఏ స్టేషనో ఇక్కడ రాయను. మానవ హక్కుల కమిషన్‌కు రాయమని నేను పోరుతూనే ఉన్నాను, వాడు భయపడుతూనే ఉన్నాడు. ఏడాది దాటిన సంగతిని కమిషన్ విచారించకూడదని తొంభైమూడు నాటి చట్టంలోనే ఉంది. అయినా నా కళ్లతో చూడనిదే ఓటమి ఒప్పుకునే రకం కాదు నేను.

వకీలు గుమస్తాను బతిమాలి తెచ్చిన చట్టం పుస్తకం చంకలో పెట్టుకుని మదనపల్లెలో పొద్దున ఆరింటి బస్సెక్కాను. కండక్టర్ బుట్టతో నిలబడ్డ ముసలమ్మను కసురుతూ, మధ్యలో నన్నడిగాడు.

“ఏం పుస్తకమప్పా అది?”

“జనాన్ని సతాయించే సర్కారోళ్లను జవాబు అడిగే పుస్తకం. కండక్టర్లకు వేరే పేజీ ఉండాది.”

ముసలమ్మకు సీటు దొరికింది. గంటలో పుంగనూరు. అక్కడ ఇడ్లీ తిని బస్సు మారి, పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరేసరికి పన్నెండున్నర. ఛార్జీలన్నీ కలిపి యాభై రూపాయల లోపే.

మస్తాను ఎడమ చేత్తో దూది ఏకుతున్నాడు.

“యాల వచ్చినావన్నా? పీర్లు నీళ్లకు పోయి మూడు దినాలాయ. ఏడాది నిండిపాయ.”

“ఆస్పత్రి చీటీ యాడుండాది?”

చీటీ మీద ఏప్రిల్ ఏడు అని ఉంది. స్టేషన్ నుంచి వదిలిన రోజు అది. అంటే పట్టుకుపోయింది ఏప్రిల్ అయిదున. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. చట్టానికి ఇంగ్లీషు క్యాలెండర్ ఏడాదే ఏడాది.

“ఇంకా వారం ఉండాది మస్తానూ.”

“మళ్లీ ఆట పట్టిస్తాండావు. నీ మాట నమ్మే కదన్నా గాడిదకు పరుపు కుట్టింది.”

“అది నాది తప్పే. ఇది నువ్వే లెక్కపెట్టుకో.”

క్యాలెండర్ వాడి ముందు పెట్టాను. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాడు.

“స్టాంపు పేపరు కావాల్నా?”

“తెల్ల కాగితం, తెలుగు. ఫీజు లేదు.”

“వాళ్లను జైల్లో ఏస్తారా?”

“కమిషన్‌కు ఆ అధికారం లేదు. జవాబు అడుగుతాది, సర్కారుకు సిఫారసు చేస్తాది.”

మస్తాను దూది పక్కకు నెట్టాడు. “నేను దొంగను కాదని మొదట రాయన్నా,” అన్నాడు. రాశాను. ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. నాలుగింటికి ఎస్టీడీ బూత్ నుంచి ఢిల్లీకి ఫ్యాక్స్ పంపి, అసలు కాగితాన్ని రిజిస్టర్ పోస్టులో వేశాం.

శిక్ష వేయలేని కమిషన్ ఎందుకని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అడిగేవాడే లేని చోట అడిగే హక్కు చట్టంలో రాసి ఉండటం చిన్న సంగతి కాదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు జరిగిన రోజును పండగలతో కాక ఇంగ్లీషు తేదీతో రాసుకోండి. ఫిర్యాదు అందిందని నంబరు వేసిన కార్డు తర్వాత వచ్చింది. మస్తాను దాన్ని అంగడి గుమ్మానికి కొట్టాడు. పరుపు కావాలని ఎవరొచ్చినా ముందు దాన్ని చదివిస్తాడు, ఆ తర్వాతే బేరం.