మా మైలేజీ అంకుల్ వెనక్కి తీసుకున్న మాట

ఓనర్ అంకుల్ పోయారన్న కబురు నాకు హయత్‌నగర్ దగ్గర పెట్రోలు బంకులో తెలిసింది. కాలేజీ నుంచి ఇంటికి వస్తూ ట్యాంకు నింపిస్తున్నాను. ఆంటీ నంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది మాత్రం వాళ్ళబ్బాయి. "అక్కా, నాయిన పోయిండు. అన్నం తిని కుర్చీల కూసున్నడు, గట్లనే ఒరిగిపోయిండు" అన్నాడు. నేను ఏదో అనబోతుంటే బంకులో అతను "మేడం, రౌండ్ ఫిగర్ చెయ్యాల్నా?" అని అడిగాడు. "వద్దు, టక్కుమన్న చోటే ఆపెయ్యండి" అన్నాను. ఆ మాట నాది కాదు, అంకుల్‌ది. మనిషి పోయాడని తెలిసిన నిమిషంలో కూడా నా నోట్లోంచి ఆయన మాటే వచ్చింది. తర్వాత బండి పక్కకు పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

మేము తెనాలి వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఆయన ఇంటి మేడ మీద కిరాయికి దిగాం. ఆయనది నల్గొండ దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ పెట్టి, చీర చూపిస్తే చాలు, తానుల గుట్టలోంచి సరిగ్గా ఆ రంగు జాకెట్ గుడ్డ లాగి ఇస్తూ జీవితం గడిపిన మనిషి. జీవితమంతా స్కూటరు మీదే తిరిగి, కొట్టు కొడుక్కి అప్పగించాక ఒక చిన్న కారు కొనుక్కున్నారు. అప్పటి నుంచి ఆయనకు ఒకటే పిచ్చి పట్టుకుంది. లీటరు పెట్రోలుకు బండి ఇంకొంచెం దూరం పోవాలి. కాలనీ వాళ్ళు మైలేజీ అంకుల్ అని పేరు పెట్టారు. వెటకారానికి పెట్టిన పేరు నెమ్మదిగా మర్యాదలోకి మారిపోయింది.

మా వీధిలో ఎవరు కొత్త కారు కొన్నా, పూజ అయ్యి, చక్రాల కింద నిమ్మకాయలు నలిగీ నలగకముందే ఆయన ముందు సీట్లో కూర్చుని ఉండేవారు. ఎవరూ పిలవరు. ఆయనా అడగరు. "జర పోనియ్, ఎట్ల తోలుతవో చూద్దాం" అంటారు, అంతే. కొందరు మొహం మాడ్చుకునేవారు. వారం తిరక్కుండానే వాళ్ళే గేటు దగ్గరికొచ్చి "అంకుల్ లేరా?" అని అడిగేవారు.

నా సంగతికొస్తే, నేను అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. వేళకు బస్సు దొరకదని సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొన్నాం. కొన్న రెండో నెలకే మా వారు "నువ్వు ఉద్యోగం చేసేది మనకోసమా, బండికి తాగించడానికా?" అని మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండేది కానీ, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇంట్లో ఈ గొడవ కింది వాటాకు వినబడినట్టుంది. మర్నాడు పొద్దున్నే అంకుల్ మెట్ల దగ్గర నిలబడి "అమ్మా, జర డిక్కీ తెరువు" అన్నారు.

డిక్కీలో మావారి పాత షటిల్ సామాను, రెండు ఖాళీ పూలకుండీలు, చదవని పత్రికల కట్ట, అన్నిటికీ అడుగున మా గ్రైండర్ రాయి ఉన్నాయి. అరిగిపోయిందని దిల్‌సుఖ్‌నగర్‌లో గంట్లు పెట్టిద్దామని ఎప్పుడో వేసి మర్చిపోయాను. అంకుల్ దాన్ని చూసి నడుం మీద చేతులు వేసుకున్నారు.

"గీ రాయికి నౌకరీ ఎక్కడమ్మా? రోజూ నీతోటి కాలేజీకి వచ్చి పోతున్నది!"

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ రోజు డిక్కీ ఖాళీ చేయించి, టైర్లు వేడెక్కకముందే గాలి పెట్టించాలని చెప్పి, సందు మొదట్లో పంక్చర్ కొట్టుకు తీసుకెళ్ళారు. నాలుగు టైర్లలోనూ గాలి తక్కువే ఉంది. "చెప్పులు లేకుండ బురదల నడిపిచ్చినట్టు నడిపిస్తున్నవ్ బండిని" అని కోప్పడ్డారు.

తర్వాత పక్కన కూర్చుని ఎల్బీ నగర్ చౌరస్తా మీదుగా తిప్పారు. ఆ చౌరస్తా సంగతి తెలిసిందే. నల్గొండ బస్సు, సూర్యాపేట బస్సు, షేర్ ఆటోలు, మెట్రో దిగి పరుగెత్తే జనం, అందరూ ఒకేసారి ఒకే చోటికి రావాలనుకుంటారు. నేను ఖాళీ కనబడితే తొక్కడం, బస్సు అడ్డం వస్తే బ్రేకు వెయ్యడం, ఇదే డ్రైవింగ్ అనుకునేదాన్ని.

"ఏందమ్మా గా ఉరుకుడు? ముంగట ఎర్ర లైటు కనవడ్తున్నది గద. ఉరికిపోయి ఆగుడెందుకు? ఇక్కడ్నే కాలు దియ్. లైటు పచ్చగయ్యేసరికి మెల్లగ పోయి చేరుతవ్."

"వెనకాల వాళ్ళు హారన్ కొడుతున్నారు అంకుల్."

"కొట్టనియ్. ఆల్ల హారన్‌తోటి నీ టాంకు నిండదు."

బ్రేకంటే ఆయనకు కత్తెర. "కత్తిరిచ్చిన గుడ్డ మళ్ల అతుకుతదా? తొక్కినంత పెట్రోలు తొక్కి బ్రేకేస్తే గంతే. కత్తెర ముట్టుకునే ముంగట మంచిగ కొలువాలె" అనేవారు. ఎదుటి బండిని కాదు, దాని అవతలి బండిని చూడమనేవారు. బస్సు తోక పట్టుకుని పోతే "బస్సెనక పోయినోని బతుకు బస్టాపుల్లనే తెల్లారుతది" అని విసుక్కునేవారు. ఏసీ వెయ్యొద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. "చెమటల మునిగి పోయి పిల్లలకు ఏం పాఠం చెప్తవ్? ఏస్కో. గని ఎండల నిలబెట్టిన బండి అద్దాలు దించి ముందు వేడి పోనియ్" అన్నారు. పొదుపంటే పిసినారితనం కాదని నాకు తెలిసింది ఆయన వల్లే.

ట్యాంకు నిండితే గొట్టం దానంతటదే టక్కుమని ఆగుతుంది. ప్రతిసారీ అక్కడే ఆపిస్తేనే, ఒక నింపుకూ ఇంకో నింపుకూ మధ్య బండి ఎంత తాగిందో నిజం తెలుస్తుందని ఆయన పద్ధతి. అలా చూసుకుంటే మూడు నాలుగు నెలల్లో తేడా బాగా కనబడింది. మావారు ఇక నోరెత్తలేదు. నా ఉద్యోగం నాకు మిగిలింది.

ఇక్కడి వరకూ ఆయన చెప్పినవన్నీ ముత్యాల్లాంటి మాటలే. ఒక్కటి మాత్రం తప్పు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో పెట్టి జారనివ్వమనేవారు. "ఎక్కేటందుకు పెట్రోలు మనది, దిగేటందుకు దేవునిది" అని మురిసిపోతూ చెప్పేవారు. మా వైపు కూడా పాత డ్రైవర్లందరిదీ ఇదే అలవాటు, అందుకని నాకూ అనుమానం రాలేదు. కాలనీలో సగం బండ్లు ఆయన మాట విని న్యూట్రల్‌లోనే దిగేవి.

తర్వాత మేం మార్చుకున్న కారులో బండి లీటరుకు ఎంత దూరం పోతోందో అప్పటికప్పుడు స్టీరింగ్ ముందు గీతలా కనబడుతుంది. ఒకరోజు దిగుతూ న్యూట్రల్ చెయ్యడం మర్చిపోయాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను, అంతే. గీత చివరికంటా వెళ్ళిపోయింది. న్యూట్రల్ చేసి చూశాను. గీత వెనక్కి వచ్చింది. ఇంటికెళ్ళి చెబితే అంకుల్ నమ్మలేదు. "నీ మీటర్ కరాబైనట్టుంది" అన్నారు. మర్నాడు పక్కన కూర్చుని ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కించి దింపించి, మళ్ళీ ఎక్కించి దింపించి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ఆఖరికి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. పాత బండ్లలో ఆ లెక్క కొంత నడిచేదేమో గానీ, ఇప్పటి బండ్లు గేరులో ఉండి జారుతుంటే పెట్రోలు తాగవని అతను వివరించాడు. "న్యూట్రల్‌ల ఉంటే ఇంజను నడవాలె, దానికి పెట్రోలు గావాలె. పైనుంచి బండిని ఇంజను పట్టుకోదు, భారమంత బ్రేకుల మీదనే. ఘాట్ రోడ్ల మీద బ్రేకులు కాలి ఫెయిలైతయ్ సార్" అన్నాడు.

దారంతా అంకుల్ పక్కన పోయే బండ్లనే చూస్తూ కూర్చున్నారు. గేటు దగ్గర దిగి, తలుపు మూయకుండా అలాగే నిలబడ్డారు. "ఎంతమందికి చెప్పిన్నో అమ్మా" అన్నారు. ఆయన గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి.

అప్పటికే డాక్టరు ఆయన్ని బండి తోలొద్దన్నాడు. అందుకని ఆదివారాలు నేనే తోలాను. మన్సూరాబాద్ కాలనీలు, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ గల్లీలు, తన మాట విన్న ఒక్కో ఇంటికీ వెళ్ళి గుమ్మంలో నిలబడి "నేను చెప్పింది తప్పు. దిగేటప్పుడు గేరు తియ్యకుండ్రి" అని చెప్పారు. కొందరు కాఫీ ఇచ్చారు. కొందరికి ఆయన చెప్పిన సంగతే గుర్తు లేదు. ఒకాయన "గింత దానికి ఇల్లు ఎతుక్కుంట వచ్చిండ్రా?" అని నవ్వాడు. వాళ్ళబ్బాయి కూడా "నాయినా, ఫోన్ చేస్తే ఐపోతది గద" అన్నాడు.

"కొట్ల రంగు తప్పు ఇచ్చిన గుడ్డ ఫోన్‌ల వాపసు తీస్కుంటవారా?" అన్నారు అంకుల్.

అందరూ దొరికారు, ఒక్కరు తప్ప. ఆయన కొట్లో కౌంటర్ దగ్గర పనిచేసిన అమ్మాయి. సెలవు రోజుల్లో వనస్థలిపురం రోడ్ల మీద ఆయనే పక్కన కూర్చుని కారు నేర్పారు. పెళ్ళయ్యి అచ్చంపేట వైపు వెళ్ళిపోయింది. భార్యాభర్తలిద్దరూ సొంత కారు కిరాయికి తిప్పుతున్నారనీ, ఆ అమ్మాయి కూడా శ్రీశైలం ఘాట్ మీద భక్తుల్ని తీసుకెళ్ళి తెస్తుందనీ విన్నాం. పాత నంబరు పనిచెయ్యడం లేదు. అంకుల్‌కు అన్నం సహించలేదు. "ఊరంత తిరిగి ఫ్లైఓవర్ మీదోల్లకు చెప్పిన. ఘాట్ మీదున్న పిల్లకు చెప్పలేకపోతిని" అనేవారు. రోజూ నేను కాలేజీ నుంచి రాగానే "దొరికిందా?" అని అడిగేవారు.

కొట్టు పక్కన చీరలకు పీకో, ఫాలు కుట్టే ఆవిడ ద్వారా చివరికి ఆ అమ్మాయి కొత్త నంబరు సంపాదించాను. ఎప్పుడు చేసినా ఫోను అందుబాటులో లేదనే వినబడేది. నల్లమల అడవిలో సిగ్నల్ ఉండదు కదా. ఈలోగా అంకుల్‌కు గుండెలో నొప్పి వచ్చి దవాఖానాలో చేర్చారు. ఆయన దవాఖానాలో ఉన్నారనీ, అర్జెంటుగా ఒక మాట చెప్పాలంటున్నారనీ ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టి, దేవుడి మీద భారం వేశాను.

డిశ్చార్జి రోజు పొద్దున ఆ అమ్మాయే వచ్చింది. మెసేజ్ చూసి తెల్లవారకముందే బయల్దేరి తనే తోలుకుంటూ వచ్చేసిందట. "సార్" అంటూ మంచం దగ్గర నిలబడగానే అంకుల్ ఆమె చెయ్యి పట్టేసుకున్నారు.

"బిడ్డా, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకు. నేను తప్పు చెప్పిన. బ్రేకులు పోతయ్."

ఆ అమ్మాయి తెల్లబోయింది. "నేనెప్పుడు చేసిన సార్? గేర్ తీస్తే బండి నా చేతులకెళ్లి జారిపోయినట్టు భయమైతుండె."

"మరి నా ముంగట చేస్తివి గద!"

"మీ ముంగట చేసిన. మీరు దిగంగనే బంద్ పెట్టిన. మీరు బాధపడ్తరని చెప్పలే."

అంకుల్ ఒక్క క్షణం ఆమెను చూసి, తర్వాత పకపకా నవ్వారు. పక్క గదిలోంచి నర్సు పరుగెత్తుకొచ్చేంత నవ్వు. "మాట ఇనని దానివే నన్ను బతికిచ్చినవ్ బిడ్డా" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఆంటీ కూడా నవ్వుతూ ఏడ్చింది. నేనైతే గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయన గుండె మీద ఉన్న బరువు ఎంతో, అది దిగాకే నాకు తెలిసింది.

ఆ తర్వాత ఆయన మా మధ్య ఉన్నది కొన్నాళ్ళే. కానీ ఆ కొన్నాళ్ళూ ఎంత తేలికగా ఉన్నారో! సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బండ్ల టైర్లు చూసి గాలి తక్కువైతే కేకేసి ఆపేవారు. పోయేవరకూ అలాగే ఉన్నారు. ఆయన నాకు నేర్పింది మైలేజీ అని అందరూ అంటారు. నిజమే. అయితే ఒక మాట తప్పని తెలిశాక, ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో అంత దూరమూ నడిచి వెళ్ళి తెచ్చుకోవాలని కూడా నేర్పారు. ఇప్పుడు క్లాసులో ఏదైనా లెక్క తప్పు చెప్పానని తెలిస్తే, మర్నాడు పిల్లల ముందు ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ డిశ్చార్జి రోజే గుర్తొస్తుంది. ఇంటికి నేనే తోలుతానని ఆ అమ్మాయి పట్టుబట్టింది. అంకుల్ ముందు సీట్లో, ఆంటీ, నేను వెనక. ఎవరి బండి ఎక్కినా దారంతా కాలు తియ్, కొలువు, చూడు అంటూనే ఉండే మనిషి కదా, ఈ రోజు ఏమంటారోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్ దాటాం. ఒక్క మాట లేదు. ఎల్బీ నగర్‌లో బస్సులన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. అయినా మాట లేదు. ముందుకు వంగి చూస్తే, తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతున్నారు. ఆ అమ్మాయి కూడా చూసింది. ఆ తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకరూ నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకుని గడప దాటినట్టు దాటించింది. ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఆపి, చప్పుడు కాకుండా ఇంజను కట్టేసింది. ఆంటీ తలుపు తియ్యబోతే ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అద్దాలు దించుకుని, ఆయనంతట ఆయన లేచేవరకూ ముగ్గురం అలాగే కూర్చున్నాం.